హైదరాబాద్ నుంచి దుబాయ్ ఎంత దూరం, ఎన్ని గంటలు? విమాన ప్రయాణం లెక్క వేసుకునే పద్ధతి

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఎన్ని గంటలు పడుతుందని నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. ఒకరు మూడున్నర అంటారు, ఇంకొకరు నాలుగు. టికెట్ మీద టైములు చూసి రెండున్నరే అనుకునేవాళ్లూ ఉంటారు. కరీంనగర్ నుంచి బయల్దేరినాయన మాత్రం రోజంతా పట్టిందంటాడు. వీటిలో తప్పుపట్టాల్సింది ఆ రెండున్నర ఒక్కటే. మిగతా ముగ్గురూ వేర్వేరు సంగతులు చెబుతున్నారు: ఒకరిది గాల్లో ఉన్న సమయం, ఒకరిది గేటు నుంచి గేటుకు పట్టిన సమయం, ఒకరిది గడప నుంచి గడపకు. వీటిని కలపకుండా దేనికది లెక్క వేసుకోవడం నేర్చుకుంటే ఏ రెండు ఎయిర్‌పోర్టులకైనా అదే పద్ధతి సరిపోతుంది. ఇక్కడ లెక్కలన్నీ ఎక్కువగా హైదరాబాద్–దుబాయ్ మీదే చేసి చూపిస్తున్నాం. విదేశాలకు మనవాళ్లు ఎక్కువగా తిరిగే దారుల్లో ఇదొకటి.

ముందు ఎయిర్‌పోర్టు ఏదో తేల్చుకోండి

దూరం కొలిచేది ఊరి నుంచి ఊరికి కాదు, ఎయిర్‌పోర్టు నుంచి ఎయిర్‌పోర్టుకి. అందుకే ఊరి పేరు కొట్టి వెతకొద్దు, మూడక్షరాల కోడ్‌తో వెతకండి. శంషాబాద్ కోడ్ హెచ్‌వైడీ. పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో కూడా హైదరాబాద్ ఉంది, దానికీ ఎయిర్‌పోర్టు ఉంది, కోడ్ హెచ్‌డీడీ. ఊరి పేరుతో వెతికినప్పుడు కొన్ని సైట్లు ఆ హైదరాబాద్‌ను తెచ్చి పెడతాయి. దుబాయ్ దూరం 1,300 కిలోమీటర్లకు అటూ ఇటూగా కనిపిస్తే జరిగింది అదే.

దుబాయ్‌కీ రెండున్నాయి. నగరం మధ్యలో ఉన్న పాతది డీఎక్స్‌బీ, జబెల్ అలీ వైపున్న అల్ మక్తూమ్ డీడబ్ల్యూసీ. గోవాకు దబోలిమ్ జీఓఐ, 2023 జనవరిలో విమానాలు మొదలైన మోపా జీఓఎక్స్. లండన్‌కైతే హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్ ఇలా ఇంకా ఎక్కువ. వీటివల్ల విమాన దూరంలో వచ్చే తేడా కొద్దిగానే ఉంటుంది గానీ, దిగాక టాక్సీ ఖర్చులో, రోడ్డు మీద సమయంలో బాగా తెలుస్తుంది.

పాత పుస్తకాల్లో, పాత సైట్లలో హైదరాబాద్ దూరాలు బేగంపేట నుంచి కొలిచినవి ఉంటాయి. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కు మారాయి. రెండింటి మధ్య నేరుగా 24 కిలోమీటర్లు. ఆ కాస్త తేడా చూసి లెక్క తప్పిందని కంగారుపడక్కర్లేదు.

దూరం చేత్తో లెక్కకట్టడం

గూగుల్ మ్యాప్స్‌లో ఎయిర్‌పోర్టు మీద రైట్ క్లిక్ చేసి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, రెండో ఎయిర్‌పోర్టు మీద క్లిక్ చేస్తే దూరం వచ్చేస్తుంది. ఫోన్‌లో అయితే వేలు నొక్కి పట్టి పిన్ పెట్టాక అదే ఆప్షన్ కింద కనిపిస్తుంది. చాలామందికి ఇది చాలు. కానీ సైట్లు చూపించే అంకె సరైనదో కాదో మీకు మీరే సరిచూసుకోవాలంటే ఒక్కసారైనా చేత్తో చేసి చూడాలి. సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ ఒకటి ఉంటే చాలు. చాలా ఫోన్లలో క్యాలిక్యులేటర్ తెరిచి ఫోన్ అడ్డంగా తిప్పితే అదే వస్తుంది.

రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి:

శంషాబాద్: అక్షాంశం 17.24 ఉత్తరం, రేఖాంశం 78.43 తూర్పు
దుబాయ్: అక్షాంశం 25.25 ఉత్తరం, రేఖాంశం 55.36 తూర్పు

రేఖాంశాల తేడా 78.43 − 55.36 = 23.07 డిగ్రీలు. ఇక లెక్క:

1. రెండు అక్షాంశాల సైన్ విలువలు గుణించండి. 0.29637 × 0.42657 = 0.12642.
2. రెండు అక్షాంశాల కొసైన్ విలువలు గుణించి, దాన్ని మళ్లీ రేఖాంశాల తేడా కొసైన్‌తో గుణించండి. 0.95507 × 0.90446 × 0.92003 = 0.79474.
3. రెండూ కలపండి. 0.92116.
4. దానికి కొసైన్ ఇన్వర్స్ (క్యాలిక్యులేటర్ మీద cos⁻¹) నొక్కండి. 22.90 డిగ్రీలు.
5. 111.19తో గుణించండి. 2,546 కిలోమీటర్లు.

ఆ 111.19 ఎక్కడిదంటే, భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు తీసుకుంటే, భూగోళం చుట్టుకొలతలో ఒక్కో డిగ్రీకి వచ్చే పొడవు అంత.

తప్పులు దొర్లేది ఎప్పుడూ ఒకే నాలుగైదు చోట్ల. మొదటిది, క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో (కోణాలకు ఇంకో కొలత) ఉండిపోవడం. లెక్క మొదలుపెట్టే ముందు సైన్ 17.24 కొట్టి చూడండి. 0.296 వస్తే సరే. మైనస్ 0.999 వచ్చిందంటే రేడియన్లలో ఉన్నట్టే, ముందు అది మార్చండి.

రెండోది, డిగ్రీలు నిమిషాలు. చాలాచోట్ల శంషాబాద్ అక్షాంశాన్ని 17 డిగ్రీల 14 నిమిషాలని రాస్తారు. దాన్ని 17.14 అని ఎక్కిస్తే తప్పు. నిమిషాలను 60తో భాగించాలి. 14ను 60తో భాగిస్తే 0.23, కాబట్టి 17.23. ఈ ఒక్క పొరపాటుతో పాయింటు పది కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది.

మూడోది, పడమటి రేఖాంశానికి మైనస్ పెట్టడం మరిచిపోవడం. అమెరికా ఊళ్ల లెక్కల్లో ఎక్కువగా జరిగేది ఇదే. డల్లాస్ 97.04 పడమర, అంటే మైనస్ 97.04. శంషాబాద్‌తో తేడా 78.43 + 97.04 = 175.47 డిగ్రీలు. మైనస్ మరిచి తీసివేస్తే తేడా 18.61 అవుతుంది, దూరం దాదాపు 2,550 కిలోమీటర్లు వస్తుంది. అంటే డల్లాస్ దుబాయ్ అంత దగ్గర అన్నమాట! అసలు దూరం 14,419. తేడా 180 దాటితే 360లోంచి తీసెయ్యాలని కూడా గుర్తుంచుకోండి.

నాలుగోది, మధ్యలో అంకెలు కుదించడం. మూడో మెట్టులో 0.92116కు బదులు 0.92 అని రాస్తే దూరం దాదాపు 20 కిలోమీటర్లు మారిపోతుంది. చివరిదాకా కనీసం ఐదు దశాంశ స్థానాలు ఉంచుకోండి.

ఇంత జాగ్రత్తగా చేసినా ఏదైనా సైటులో అంకెతో కొద్ది కిలోమీటర్ల తేడా కనిపించవచ్చు. భూమి సరైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త అదిమినట్టు ఉంటుంది. మంచి సైట్లు ఆ ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. మన లెక్క గోళం అనుకుని చేసింది. ఆ తేడా అర శాతం దాటదు.

ఉత్తర దక్షిణాలుగా ఉన్న ఊళ్లకు ఇంత కష్టం అక్కర్లేదు. ఢిల్లీ అక్షాంశం 28.57, రేఖాంశం 77.10. అంటే హైదరాబాద్‌కు దాదాపు సూటిగా ఉత్తరాన ఉంది. అక్షాంశాల తేడా 11.33ను 111.19తో గుణిస్తే 1,260 కిలోమీటర్లు. పూర్తి లెక్క వేసినా మరో ఏడు కిలోమీటర్లే పెరుగుతుంది.

మైళ్లంటే ఏ మైళ్లు?

పైలట్లు, నేల మీది నుంచి విమానాలకు దారి చెప్పే ఏటీసీ వాళ్లు నాటికల్ మైళ్లలో మాట్లాడతారు, ఒకటి 1.852 కిలోమీటర్లు. అమెరికా సైట్లు చెప్పేవి మామూలు మైళ్లు, ఒకటి 1.609 కిలోమీటర్లు. హైదరాబాద్–దుబాయ్ 1,375 నాటికల్ మైళ్లు, 1,582 మామూలు మైళ్లు. రెండింటికీ 15 శాతం తేడా ఉంది. మైళ్లు అని మాత్రమే రాసి ఉంటే, ఏ మైళ్లో తెలుసుకోకుండా కిలోమీటర్లలోకి మార్చొద్దు.

మ్యాపు మీద వంపు ఎందుకు?

గోడ మ్యాపులో స్కేలు పెట్టి గీసిన గీత దగ్గరి దారి కాదు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే అది పడే దారే దగ్గరి దారి. దుబాయ్ లాంటి దూరాలకు ఈ తేడా పెద్దగా తెలియదు. డల్లాస్‌కు తెలుస్తుంది. హైదరాబాద్, డల్లాస్ రేఖాంశాలు దాదాపు ఎదురెదురు పక్కల ఉన్నాయి. దారం బిగిస్తే అది అట్లాంటిక్ వైపు కాదు, నేరుగా ఉత్తర ధ్రువం వైపు ఎక్కుతుంది. ఆ గీత 85 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, అంటే ధ్రువానికి సుమారు 520 కిలోమీటర్ల దగ్గరగా వెళ్లి అటువైపు దిగుతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు మొదటి నాన్‌స్టాప్ విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా నడిపింది కూడా అందుకే. ఆ రెండు ఊళ్ల మధ్య దగ్గరి దూరం సుమారు 14,000 కిలోమీటర్లు.

మధ్యలో విమానం మారితే దూరం ఎంత పెరుగుతుందో కూడా ఈ లెక్కతోనే తెలుస్తుంది. హైదరాబాద్–దుబాయ్ 2,546, దుబాయ్–డల్లాస్ 12,919, మొత్తం 15,465. నేరు దూరం కంటే వెయ్యి కిలోమీటర్లు ఎక్కువ, ఏడు శాతం. ఇంత దూర ప్రయాణంలో ఆ ఏడు శాతం పెద్ద భారం కాదు. సమయం పోయేది దుబాయ్‌లో దిగి కూర్చున్న గంటల్లోనే. కాబట్టి అమెరికా టికెట్లు పోల్చేటప్పుడు ఏ ఊరి మీదుగా వెళ్తే దూరం తక్కువని కాకుండా, మధ్యలో ఎన్ని గంటలు ఆగాలో చూడండి.

విమానం నిజంగా తిరిగే దారి

పైన వచ్చింది గీత పొడవు. విమానం ఆ గీత మీదే పోదు. రన్‌వే ఏ దిక్కుకు ఉంటే ఆ దిక్కుకు లేచి, కేటాయించిన మార్గంలో మలుపు తిరిగి, దిగేచోట వరుసలో తన వంతు కోసం చుట్టు తిరిగి వస్తుంది. మామూలు రోజుల్లో ఇదంతా కలిపి 3 నుంచి 6 శాతం ఎక్కువ అనుకోవచ్చు. చిన్న దూరాలకు శాతం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే లేవడానికి, దిగడానికి తిరిగే చుట్టు ఎంత దూరమైనా దాదాపు అంతే ఉంటుంది.

గగనతలం మూసేస్తే మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది. ఢిల్లీ–దుబాయ్ నేరు దూరం 2,184 కిలోమీటర్లు, హైదరాబాద్ కంటే 360 తక్కువ. కానీ ఆ గీత పాకిస్తాన్ మీదుగా పోతుంది. 2019 ఫిబ్రవరి చివర్లో మూసిన ఆ గగనతలం జూలై 16న గానీ తెరుచుకోలేదు. మళ్లీ 2025 ఏప్రిల్ 24న భారతీయ విమానాలకు మూసేశారు. అలాంటప్పుడు ఢిల్లీ నుంచి బయల్దేరిన మన ఎయిర్‌లైన్ విమానం గుజరాత్ దాకా దిగి, అరేబియా సముద్రం మీదుగా తిరిగి వెళ్లాలి. ఆ 360లో ఎక్కువ భాగం ఈ చుట్టులోనే పోతుంది. హైదరాబాద్ విమానం మామూలుగానే మహారాష్ట్ర, అరేబియా సముద్రం, ఒమన్ వైపుగా పోతుంది కాబట్టి దానికి ఈ బాధ చాలా తక్కువ. ఒకే రెండు ఊళ్ల మధ్య వేర్వేరు ఎయిర్‌లైన్లకు వేర్వేరు సమయాలు కనిపిస్తే, ఏ దేశం విమానానికి ఏ ఆకాశం మూసి ఉందో చూడండి. జవాబు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

దూరాన్ని గంటల్లోకి మార్చడం

పద్ధతి చిన్నదే: దూరాన్ని విమానం వేగంతో భాగించి, దానికి 35 నిమిషాలు కలపండి. ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 లాంటివి పైకెక్కాక గంటకు సుమారు 830 కిలోమీటర్లు పోతాయి. బోయింగ్ 777, 787 లాంటి పెద్దవి దాదాపు 900. రెక్కల మీద ప్రొపెల్లర్లుండే ఏటీఆర్ 72 అయితే 500 దగ్గర. టికెట్ బుక్ చేసే పేజీలోనే విమానం రకం రాసి ఉంటుంది, అది చూడకుండా లెక్క వేయొద్దు.

కలిపే 35 నిమిషాలు ఎందుకంటే, గేటు వదిలి రన్‌వే చేరడానికి 10 నుంచి 20 నిమిషాలు, దిగాక గేటు చేరడానికి 5 నుంచి 10. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు విమానం పూర్తి వేగంలో ఉండదు కాబట్టి ఇంకొన్ని నిమిషాలు. రద్దీ ఎయిర్‌పోర్టులకు 45 కలపండి.

ఢిల్లీకి వేసి చూడండి. 1,267ను 830తో భాగిస్తే గంటా 32 నిమిషాలు, 35 కలిపితే రెండు గంటల ఏడు నిమిషాలు. ఎయిర్‌లైన్లు టైమ్‌టేబుల్‌లో దాదాపు రెండుంబావు గంటలు వేస్తాయి. ఆ మిగతా నిమిషాలు వాళ్లు జాగ్రత్తకు కలుపుకున్నవి. గేటు దగ్గరికి 15 నిమిషాల లోపు ఆలస్యంగా వచ్చినా సమయానికి వచ్చినట్టే లెక్క కాబట్టి, ఆ లెక్కలో వెనకబడకుండా ఉండటానికి టైమ్‌టేబుల్‌లోనే కొంత వదులు పెట్టుకుంటారు. విమానం ముందే వచ్చిందని ప్రకటించే రోజుల్లో చాలావరకు ఆ వదులే కారణం.

దుబాయ్‌కి 2,546ను 830తో భాగిస్తే మూడు గంటల నాలుగు నిమిషాలు, 35తో కలిపి మూడు గంటల 39. కానీ వెళ్లేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర పడుతుందని ఈ దారిలో తిరిగే ప్రతివాళ్లకీ తెలుసు. ఆ తేడా గాలిది. భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి అని చెప్పేవాళ్లున్నారు, అది నిజం కాదు. భూమితోపాటు గాలీ, గాల్లో ఉన్న విమానమూ తిరుగుతూనే ఉంటాయి. విమానాలు ఎగిరే 10, 12 కిలోమీటర్ల ఎత్తులో, ముఖ్యంగా చలికాలంలో, మన ఉత్తర మధ్య భారతం మీదుగా పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. దుబాయ్ పోయే విమానానికి అది ఎదురుగాలి, వచ్చేదాన్ని వెనక నుంచి తోస్తుంది.

గంటకు 100 కిలోమీటర్ల గాలి అనుకుని లెక్క వేయండి. వెళ్లేటప్పుడు నేల మీద లెక్కకు వేగం 730. సమయం మూడు గంటల 29 నిమిషాలు, 35 కలిపితే నాలుగు గంటల నాలుగు నిమిషాలు. వచ్చేటప్పుడు వేగం 930. రెండు గంటల 44, 35 కలిపితే మూడు గంటల 19. రెండింటికీ ముప్పావుగంట తేడా. ఎదురుగాలికి పోయిన 25 నిమిషాలు వెనకగాలికి పూర్తిగా తిరిగి రాలేదని గమనించండి, 20 మాత్రమే వచ్చాయి. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఎగరాలి కాబట్టి అలాగే అవుతుంది. వానాకాలంలో దక్షిణ భారతం మీద పై గాలులు తూర్పు నుంచి వీస్తాయి, అప్పుడు రెండు వైపుల సమయాల మధ్య తేడా తగ్గుతుంది.

లెక్క సరిపోయిందో లేదో చూడాలంటే ఫ్లైట్‌రాడార్24 లాంటి సైటులో ఆ ఫ్లైట్ నంబర్ కొట్టి, గత వారం రోజులు ఎంతసేపు పట్టిందో చూడండి. బాగా ఎక్కువ వచ్చిన ఒక రోజును, బాగా తక్కువ వచ్చిన ఒక రోజును వదిలేసి మిగతావాటి మధ్య అంకె తీసుకోండి. అక్కడ చూపించే సమయం సాధారణంగా లేచినప్పటి నుంచి దిగేదాకా, గేటు నుంచి గేటుకు కాదు. టైములు యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక టైము) ఉన్నాయా, స్థానికంగా ఉన్నాయా అన్నది కూడా ముందే చూసుకోండి.

టికెట్ మీద టైములు, గడియారం తేడా

టికెట్ మీద బయల్దేరే టైము బయల్దేరే ఊరిది, చేరే టైము చేరే ఊరిది. హైదరాబాద్‌లో ఉదయం 10:00కు బయల్దేరి దుబాయ్‌లో మధ్యాహ్నం 12:30కు చేరుతుందని ఉంటే ప్రయాణం రెండున్నర గంటలు కాదు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. నాలుగు గంటలన్నమాట. వచ్చేటప్పుడు తీసెయ్యాలి: దుబాయ్‌లో రాత్రి 9:45కు లేచి హైదరాబాద్‌లో మర్నాడు తెల్లవారుజామున 2:50కి దిగితే, గడియారం తేడా ఐదు గంటల ఐదు నిమిషాలు, గంటన్నర పోగా మూడు గంటల 35 నిమిషాలు.

కలపాలా తీసెయ్యాలా అని తికమక పడేవాళ్లు రెండు టైములనూ యూటీసీలోకి మార్చుకుంటే సరి. మన టైములోంచి 5:30 తీసెయ్యండి, దుబాయ్ టైములోంచి 4:00. పై ఉదాహరణలో 10:00 అంటే 4:30, 12:30 అంటే 8:30. తేడా నాలుగు గంటలు. దోహా, కువైట్, రియాద్ అయితే 3:00 తీసెయ్యాలి, సింగపూర్‌కు 8:00. అమెరికా టైములకు మాత్రం కలపాలి.

గల్ఫ్‌లో ఏడాదంతా ఒకే గడియారం. అమెరికాలో చాలా రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కు జరుపుతాయి. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. దుబాయ్‌లో మంగళవారం తెల్లవారుజామున 2:30కు లేచిన విమానం 16 గంటలు ఎగిరితే, ఎండాకాలంలో డల్లాస్‌లో అదే మంగళవారం ఉదయం 9:30కు దిగుతుంది, చలికాలంలో 8:30కు. గడియారం చూస్తే ఎండాకాలంలో ఏడే గంటలు, చలికాలంలో ఆరే. మార్చిలో, నవంబర్‌లో టికెట్ ఉన్నవాళ్లు ఈ లెక్క ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

గడప నుంచి గడపకు

కరీంనగర్ నుంచి జబెల్ అలీలోని క్యాంపుకు వెళ్లే మనిషికి, పై ఉదాహరణలోని ఉదయం 10:00 విమానంతో లెక్క వేద్దాం. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి, అంటే 7:00. కరీంనగర్ నుంచి శంషాబాద్ దాదాపు 190 కిలోమీటర్లు, దారిలో ఆగడం, నగరం రద్దీ కలిపి నాలుగున్నర గంటలు పెట్టుకోండి. రాత్రి 2:30కి ఇంట్లోంచి బయల్దేరాలి. విమానం నాలుగు గంటలు. దుబాయ్‌లో ఇమిగ్రేషన్, లగేజీకి గంటుంబావు. అక్కడి నుంచి జబెల్ అలీకి రోడ్డు మీద గంట. మొత్తం 13 గంటల 45 నిమిషాలు, చేరేది దుబాయ్ టైము మధ్యాహ్నం 2:45. ఇందులో విమానం వాటా మూడో వంతు కూడా లేదు. పది నిమిషాలు తక్కువ పడుతుందని వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టి ఇంకో విమానం ఎంచుకునే ముందు ఈ లెక్క చూడండి. రోడ్డు మీద రెండు గంటలు మిగిల్చే బయల్దేరే టైము దొరికితే అదే మేలు.

దగ్గరి ఊళ్లకు ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. గన్నవరం నుంచి శంషాబాద్‌కు గీత పొడవు 264 కిలోమీటర్లు, ఏటీఆర్‌లో గంట. కానీ విజయవాడలో ఇంటి నుంచి గన్నవరం 45 నిమిషాలు, గంటన్నర ముందు చేరడం, దిగాక లగేజీ అరగంట, శంషాబాద్ నుంచి నగరంలోకి గంటుంబావు. అన్నీ కలిపితే ఐదు గంటలు. రోడ్డు 275 కిలోమీటర్లే, బస్సు ఐదారు గంటల్లో దించుతుంది. హైదరాబాద్‌లోనే పని ఉంటే విమానం వల్ల పెద్దగా కలిసొచ్చేది లేదు. శంషాబాద్‌లో ఇంకో విమానం ఎక్కాల్సి ఉండి, రెండూ ఒకే టికెట్ మీద ఉంటే మాత్రం గన్నవరం నుంచి ఎగరడమే మంచిది. లగేజీ మళ్లీ వేయించుకునే పని ఉండదు, మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే అవుతుంది.

విడివిడిగా రెండు టికెట్లు కొన్నవాళ్లకు ఆ రక్షణ లేదు. దుబాయ్‌లో అలా మారాల్సి వస్తే టెర్మినల్ ఏదో తప్పకుండా చూడండి. టెర్మినల్ 2 రన్‌వేలకు అవతలి వైపు ఉంది, మిగతా రెండూ ఇవతల. ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాల్సి వస్తే వీసా కూడా కావాలి. విడి టికెట్లకు మధ్యలో నాలుగైదు గంటల కంటే తక్కువ పెట్టుకోవద్దు.

టికెట్‌లో డైరెక్ట్ అని ఉన్నా మధ్యలో ఎక్కడైనా దిగవచ్చు, ఫ్లైట్ నంబర్ మారదు అంతే. ఎక్కడా ఆగకూడదంటే నాన్‌స్టాప్ అని ఉందో లేదో చూడండి. చేరే టైము పక్కన చిన్నగా ప్లస్ 1 ఉంటే మర్నాడని అర్థం. శంషాబాద్‌కు మనిషిని తీసుకురావడానికి వెళ్లేవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఆదివారం రాత్రి 9:45కు దుబాయ్‌లో ఎక్కే మనిషి దిగేది సోమవారం 2:50కి, కాబట్టి కారు ఆదివారం అర్ధరాత్రి దాటాక రావాలి. డ్రైవర్‌కు సోమవారం అని మాత్రమే చెబితే, ఒక రోజు ఆలస్యంగా సోమవారం రాత్రి వస్తాడు. వారం పేరుతోపాటు తేదీ, తెల్లవారుజాము అన్న మాట, ఫ్లైట్ నంబర్ మూడూ మెసేజ్‌లో పెట్టండి. విమానం నేలను తాకిన తర్వాత కూడా ఇమిగ్రేషన్, లగేజీ దాటి మనిషి బయటికి రావడానికి 45 నిమిషాల నుంచి గంట పడుతుంది. సైటులో ల్యాండ్ అయినట్టు చూశాక ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినా మీరు అక్కడికి చేరేసరికి ఆయన ఇంకా బెల్టు దగ్గరే ఉంటాడు.